పెట్టెమీద అచ్చుకాని సంగతులు – బయటి హార్డ్‌డిస్కు ఎంపికపై ఒక విమర్శ

గ్రంథవిమర్శకుడు గ్రంథంలో ఉన్నదానితోపాటు, ఉండవలసి ఉండి లేనిదానిని కూడా చూస్తాడు. ఈ పద్ధతిని అంగడిలో దొరికే వస్తువు పెట్టెమీది రాతకు కూడా ప్రయోగించవచ్చు. కంప్యూటరుకు అదనపు నిలవ కోసం బయటినుంచి తగిలించే హార్డ్‌డిస్కును కొనదలచినవారికి ఆ చిన్న అట్టపెట్టె మీద ప్రధానంగా మూడు మాటలు కనిపిస్తాయి: ఎన్ని టెరాబైట్లు, ఎంత వేగం, ఎన్నేళ్ల వారంటీ. కొనేవారు కూడా ఈ మూడింటినే పోల్చి, ధర కనుక్కొని, తీసుకొని వెళతారు. ఈ మూడు మాటలూ అబద్ధాలు కావు. కాని ఒక ఉన్నత పాఠశాల ఉపాధ్యాయునికి కావలసిన జవాబు ఆ మూడింటిలో ఏ ఒక్కదానిలోనూ లేదు. ఆయన ప్రశ్న వేరు. ఈ సంవత్సరం ఇందులో దాచిన ఫోటోలు, మార్కుల పట్టికలు, పాఠాల వీడియోలు పదేళ్ల తరువాత తెరిస్తే తెరుచుకుంటాయా?

ఈ ప్రశ్నకు స్థలంతో కూడా సంబంధం ఉన్నది. హైదరాబాదులో చల్లబరచిన గదిలో ఒక జవాబు వస్తే మానవపాడులో మరొకటి రావచ్చు. మానవపాడు నేడు జోగులాంబ గద్వాల జిల్లాలో ఒక మండల కేంద్రం. 2016 వరకు ఈ ప్రాంతం మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఈ భూభాగాన్ని నడిగడ్డ అంటారు. వేసవిలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం ఇక్కడ వింత కాదు. నదులు పొంగితే ఏమవుతుందో 2009 అక్టోబరులో ఈ ప్రాంతంవారు కళ్లారా చూశారు. ఈ వేడి, ఈ నీరు ఈ రెండే పెట్టెమీది రాతకు ఇవ్వదగిన ప్రశ్నపత్రం.

మొదట సామర్థ్యం సంగతి. 1 టెరాబైటు అని కొన్న డిస్కును తగిలిస్తే విండోస్ కంప్యూటరు తెరమీద 931 గిగాబైట్లు అని చూపుతుంది. మిగిలిన 69 ఎక్కడికి పోయినవని దుకాణదారుతో తగవుపడేవారున్నారు. తయారీదారు టెరాబైటు అంటే 1 పక్కన 12 సున్నాలు అని లెక్కించాడు. కంప్యూటరు ఆ సంఖ్యనే మూడుసార్లు 1024తో భాగించి చూపింది. ఎవరూ మోసం చేయలేదు. రెండు కొలతలకు ఒకే పేరు ఉండడమే ఇక్కడి లోపం. 1998లోనే అంతర్జాతీయ ప్రమాణ సంస్థ రెండవ కొలతకు గిబిబైటు, టెబిబైటు అని వేరు పేర్లు పెట్టినా అవి వాడుకలోకి సరిగా రాలేదు.

అంతకంటే ముఖ్యమైనది, పాఠశాలకు ఎంత నిలవ అవసరమనేది. సంవత్సరానికి 2,000 ఫోటోలు, ఒక్కొక్కటి 4 మెగాబైట్లు అనుకుంటే 8 గిగాబైట్లు. ఫోనుతో తీసే వీడియో గంటకు సుమారు 8 గిగాబైట్లు; సంవత్సరానికి అయిదు గంటలు తీసినా 40. పదేళ్లకు మొత్తం 480 గిగాబైట్లు. అనగా 1 టెరాబైటులో సగం కూడా నిండదు. పెద్దది కొంటే టెరాబైటుకు ధర తక్కువ పడుతుందన్న మాట నిజమే. కాని నిండని గిడ్డంగి చవకగా దొరికిందని పొంగిపోవడంలో అర్థం లేదు. ఆ మిగులు సొమ్ముతో చేయదగిన మంచి పని ఒకటి ఉన్నది. దానిని తరువాత చూడవచ్చు.

వేగం గురించి చెప్పేముందు ఈ యంత్రం లోపల ఏమున్నదో తెలియాలి. హార్డ్‌డిస్కులో అద్దంలా నునుపైన గుండ్రని బిళ్లలు, వాటిమీద పలుచని అయస్కాంత పదార్థపు పూత ఉంటాయి. పూతలోని అతి చిన్న ప్రదేశాలు ఒక దిశలో అయస్కాంతీకరణ పొందితే ఒక సంకేతం, మరొక దిశలో పొందితే మరొక సంకేతం. 1956లో ఐబీఎం సంస్థ తెచ్చిన మొదటి డిస్కు యంత్రంలో 24 అంగుళాల వ్యాసంగల బిళ్లలు 50 ఉండేవి. అవన్నీ కలిసి దాచగలిగినది సుమారు 50 లక్షల అక్షరాలు. నేడు చొక్కా జేబులో పట్టే 1 టెరాబైటు డిస్కు దానికి దాదాపు 2 లక్షల రెట్లు. అంత చిన్న అయస్కాంత ప్రదేశాలను గుర్తించగల సున్నితమైన హెడ్డు తయారు కావడానికి 1988లో ఫెర్ట్, గ్రూన్‌బెర్గ్ అనే శాస్త్రజ్ఞులు వేరువేరుగా కనుగొన్న భారీ అయస్కాంతనిరోధ ధర్మం తోడ్పడింది. 2007లో వారికి భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించినది. చదివే హెడ్డు తిరిగే బిళ్లకు తగలకుండా, గాలిపొర మీద, కొన్ని నానోమీటర్ల ఎత్తున తేలుతూ ఉంటుంది. తలవెంట్రుక మందం ఎనభై వేల నానోమీటర్ల వరకు ఉంటుందంటే ఆ సందు ఎంత ఇరుకో ఊహించవచ్చు.

ఇప్పుడు పెట్టెమీది వేగం. సెకనుకు 5 గిగాబిట్లు అని రాసి ఉంటుంది. అవి బిట్లు, బైట్లు కావు. ఈ రకం యూఎస్‌బీ మార్గంలో ఒక బైటు పంపడానికి అదనపు సంకేతాలతో కలిసి 10 బిట్లు పడతాయి. కాబట్టి సెకనుకు 500 మెగాబైట్లు పరమావధి. అది కూడా తీగకున్న శక్తే తప్ప డిస్కుకున్నది కాదు. నిమిషానికి 5,400 సార్లు తిరిగే చిన్న డిస్కు సెకనుకు 100 నుంచి 140 మెగాబైట్ల వరకు ఇవ్వగలదు. నాలుగు వరుసల రహదారి వేసి దానిమీద ఎడ్లబండిని తోలినట్లు ఉంటుంది. పాఠశాల కంప్యూటరు పాతదై, దానికి పాతరకం యూఎస్‌బీ 2.0 రంధ్రమే ఉంటే రహదారి కూడా ఇరుకే. సెకనుకు 35 మెగాబైట్లకు మించి రావడం కష్టం. 200 గిగాబైట్లు నకలు చేయడానికి మొదటిదానిలో సుమారు అరగంట, రెండవదానిలో గంటన్నరకు పైగా పడుతుంది. వేలకొద్దీ చిన్నచిన్న ఫైళ్లయితే ఇంకా ఆలస్యం. డిస్కు సెకనుకు 90 చుట్లు తిరుగుతుంది. ఒక చుట్టుకు 11 మిల్లీసెకన్లు. కావలసిన చోటు హెడ్డు కిందికి వచ్చేదాకా ప్రతిసారీ సగటున అందులో సగం కాలం వేచి ఉండవలసినదే. దీనిని తొమ్మిదవ తరగతి విద్యార్థులచేత లెక్క కట్టించవచ్చు.

వేగం విషయంలో మరొక మాట పెట్టెమీద తరచు కనిపించదు. బిళ్లమీద రాత సమకేంద్రక వృత్తాల దారుల్లో ఉంటుంది. తక్కువ చోట ఎక్కువ దాచడానికి నేటి చిన్న డిస్కులలో పెక్కింటిలో ఈ దారులను పెంకుటింటి కప్పుమీది పెంకుల్లా, ఒకదాని అంచుమీద మరొకటి వచ్చేటట్లు పరుస్తున్నారు. మొదటిసారి రాసేటప్పుడు ఇబ్బంది లేదు. కాని నడుమనున్న పెంకు మార్చాలంటే పై పెంకులను కదిలించవలసినట్లే, నడుమ ఒక దారిని తిరగరాయాలంటే దాని పక్కవాటిని కూడా తిరగరాయవలసి వస్తుంది. అప్పుడు వేగం బాగా పడిపోతుంది. 2020లో వెస్టర్న్ డిజిటల్ సంస్థ నిలవయంత్రాల కోసం అమ్మే కొన్ని డిస్కులలో ఈ పద్ధతి వాడి, ఆ సంగతి స్పష్టంగా ప్రకటించలేదని పెద్ద వివాదం రేగినది. ఆ తరువాత సంస్థ ఏ రకంలో ఏ పద్ధతి ఉన్నదో జాబితా ప్రకటించింది. ఒకసారి రాసి భద్రపరచే పాఠశాలకు పెంకుల పద్ధతి వల్ల వచ్చే నష్టం స్వల్పం. అయినా కొనేవానికి తెలియవలసినది దాచడం సమర్థనీయం కాదు.

వేడి దగ్గర పెట్టె మరీ మౌనం వహిస్తుంది. ప్రచారంలో ఉన్న కొన్ని పోర్టబుల్ డిస్కుల సాంకేతిక పత్రం తెరిస్తే పనిచేయవలసిన ఉష్ణోగ్రత 5 నుంచి 35 డిగ్రీలు అని ఉంటుంది. ఇది డిస్కు చుట్టూ ఉండే గాలి ఉష్ణోగ్రత. ఏప్రిల్ నెల మధ్యాహ్నం, ఫ్యాను ఆగిన గదిలో, మానవపాడులో ఈ షరతు పాటించడం సాధ్యమయ్యే పని కాదు. ఐతే ఇక్కడ భయాన్ని కూడా తూకం వేసి చూడాలి. 2007లో గూగుల్ పరిశోధకులు లక్షకు మించిన డిస్కులను పరిశీలించి ప్రకటించిన ఫలితాల ప్రకారం, సాధారణ పరిమితులలో వేడికీ డిస్కు చెడిపోవడానికీ ఉన్న సంబంధం అందరూ అనుకున్నంత బలమైనది కాదు. బాగా వేడెక్కినవాటిలో, ముఖ్యంగా మూడేళ్లు దాటినవాటిలోనే ఆ ప్రభావం కొంత కనిపించింది. కాబట్టి 38 డిగ్రీల గదిలో వాడగానే డిస్కు చచ్చిపోదు. కాని గంటన్నరసేపు పట్టే నకలు పనిని మిట్టమధ్యాహ్నం కాక ఉదయం ఎనిమిదింటికి పెట్టుకోవడానికి ఖర్చేమీ లేదు.

వేడికంటే బల్ల ఎత్తు ప్రమాదకరం. 75 సెంటీమీటర్ల బల్లమీదినుంచి డిస్కు బండల నేలమీద పడి, 1 మిల్లీమీటరు దూరంలో ఆగిందనుకుందాం. పడిన ఎత్తును ఆగిన దూరంతో భాగిస్తే, ఆగేటప్పుడు కలిగే సగటు ఋణత్వరణం గురుత్వత్వరణానికి ఎన్ని రెట్లో వస్తుంది. ఇక్కడ 750 రెట్లు. తిరుగుతున్న చిన్న డిస్కు ఓర్చగలదని తయారీదారులు సాధారణంగా చెప్పే హద్దు 300 నుంచి 400 రెట్లు. ఆగి ఉన్నప్పుడు అంతకు రెట్టింపుకు పైగా. అనగా తీగ తగిలించి ఉండగా పడిన డిస్కుకూ, సంచిలోనుంచి పడిన డిస్కుకూ చాలా తేడా ఉన్నది. ఒక సెంటీమీటరు అణగే రబ్బరు తొడుగు వేస్తే అదే లెక్కన 750 రెట్లు 75కు దిగుతుంది. తొడుగు ధర డిస్కు ధరలో ఏపాటి? దుకాణంలో దానిని చివర, అలంకారంలా చూపిస్తారు. మొదట చూపవలసిన వస్తువు అది.

పడినా పగలదు కనుక ఎస్‌ఎస్‌డీ కొనండి అనే సలహా ఈ మధ్య ఎక్కువగా వినిపిస్తున్నది. అందులో తిరిగే బిళ్లలు లేవు. సిలికాను చిప్పులోని సూక్ష్మమైన అరలలో విద్యుదావేశాన్ని బంధించి సమాచారం దాస్తారు. జపానులో తోషిబా సంస్థలో ఫుజియో మసువోకా నాయకత్వాన 1980లలో రూపొందిన ఫ్లాష్ స్మృతి దీనికి మూలం. పడితే తట్టుకుంటుంది, వేగం అనేక రెట్లు ఎక్కువ. ఇవి నిజాలే. కాని బంధించిన ఆవేశం శాశ్వతంగా ఉండిపోదు, మెల్లమెల్లగా కారిపోతుంది. వేడి పెరిగిన కొద్దీ ఆ కారడం ఎక్కువవుతుంది. ఈ పరిశ్రమ పెట్టుకున్న ప్రమాణం ప్రకారం, నిర్ణీత వాడకమంతా పూర్తయిన సాధారణ ఎస్‌ఎస్‌డీ విద్యుత్తు లేకుండా 30 డిగ్రీల వద్ద ఒక సంవత్సరం సమాచారాన్ని నిలుపుకుంటే చాలు. కొత్త ఎస్‌ఎస్‌డీ అంతకంటే చాలాకాలం నిలుపుతుంది గనుక ఈ అంకెను చూసి బెదరనక్కరలేదు. అయినా మే నెలలో 40 డిగ్రీలుండే ఇనుప బీరువాలో దానిని పెట్టి అయిదేళ్లు మరచిపోవడం తగదు. పైగా ఇది చెడేటప్పుడు హార్డ్‌డిస్కులా కిర్రుమని ముందుగా హెచ్చరించకపోవచ్చు. రోజూ సంచిలో వేసుకొని తరగతినుంచి తరగతికి తిరిగే ఉపాధ్యాయునికి ఎస్‌ఎస్‌డీ మంచిది. బీరువాలో నిలవ ఉంచడానికి హార్డ్‌డిస్కు మేలు. ఒకటి రెండవదానికంటే గొప్పదనే మాట అసంపూర్ణం.

ఇంతవరకు చూసినవన్నీ ఒక్క డిస్కు గుణదోషాలు. అసలు విషయం ఒక్క డిస్కులో లేదు. బ్యాక్‌బ్లేజ్ అనే అమెరికన్ సంస్థ లక్షల సంఖ్యలో డిస్కులు వాడుతూ ఎన్ని చెడిపోతున్నవో ఏటేటా ప్రకటిస్తున్నది. 2022 నుంచి 2024 వరకు ఆ నిష్పత్తి ఏడాదికి నూటికి ఒకటికీ రెండుకూ నడుమ ఉన్నది. అవి చల్లని గదుల్లో కదలకుండా ఉండే పెద్ద డిస్కులు. చేతులు మారే చిన్నవాటి గతి అంతకంటే మెరుగ్గా ఉంటుందని అనుకోవడానికి ఆధారం లేదు. ఏడాదికి నూటికి ఒకటిన్నర అనుకున్నా, ఒకే సంచికను రెండు డిస్కులలో దాస్తే ఆ సంవత్సరం రెండూ చెడే సంభావ్యత 0.015ను 0.015తో గుణిస్తే వచ్చేది, అనగా పదివేలకు రెండు చిల్లర. రెండవ డిస్కు తెచ్చే లాభం ఎంతటిదో ఈ గుణకారం చెబుతుంది. మూడురెట్లు ధర పెట్టి కొన్న ఏ ఒక్క డిస్కూ ఇంత లాభం ఇవ్వదు.

కాని ఈ గుణకారానికి ఒక షరతున్నది. గణితోపాధ్యాయులు సంభావ్యత పాఠంలో చెప్పేదే: రెండు ఘటనలు స్వతంత్రమైనవి కావాలి. ఒకే బీరువాలో, ఒకే అరలో ఉన్న రెండు డిస్కులు స్వతంత్రమైనవి కావు. వాటిని ఒకే దొంగ ఎత్తుకుపోతాడు, ఒకే నిప్పు కాలుస్తుంది, ఒకే నీరు ముంచుతుంది. 2009 అక్టోబరు మొదటి రోజులలో తుంగభద్రకూ కృష్ణకూ ఒకేసారి వరద వచ్చినది. 885 అడుగులు పూర్తి మట్టంగా కట్టిన శ్రీశైలం జలాశయంలో నీరు 896 అడుగుల దాకా లేచినది. రాజోలి మునిగినది, అలంపురం మునిగినది, మానవపాడు వైపు నదీతీర గ్రామాలు దెబ్బతిన్నవి. అక్టోబరు 2న కర్నూలు పట్టణంలోకి నీరు ప్రవేశించి ఇళ్లు, దుకాణాలు, కార్యాలయాలు జలమయమైనవి. అటువంటి రోజున పై అరలో ఒకటి, కింది అరలో ఒకటి పెట్టినందువల్ల ప్రయోజనమేమున్నది? 

మానవపాడువారికి సంతకూ, ఆసుపత్రికీ, కంప్యూటరు సామానుకూ దగ్గర పట్టణం కర్నూలు. రెండవ నకలు వేరే ఊరిలో ఉంచమంటే ఎవరికైనా మొదట కర్నూలే తోస్తుంది. కాని 2009 వరదలో నదీతీరమూ, కర్నూలూ ఒకే నీటిలో ఉన్నవి. ఊరు వేరైనా ఘటన ఒకటే. కాబట్టి రెండవ నకలుకు తగిన స్థలం ఈ రెండు నదుల తీరాన లేని ఊరు: మహబూబ్‌నగర్ కావచ్చు, హైదరాబాదులో ఉన్న ఒక పాత విద్యార్థి ఇల్లు కావచ్చు. పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫోటోగ్రాఫరు ప్రచారంలోకి తెచ్చిన సూత్రమొకటి ఉన్నది. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరే చోట. అందులో చివరి అంశాన్ని దూరంతో కాక నదితో కొలవాలని నడిగడ్డ అనుభవం నేర్పుతున్నది. 

ఇంటర్నెట్‌లో దాచుకోవచ్చు గదా అనవచ్చు. ధ్రువపత్రాలు, మార్కుల పట్టికలు వంటి చిన్న ఫైళ్లకు అది చక్కని మార్గం. కాని సెకనుకు 10 మెగాబిట్లు పైకి పంపగల కనెక్షనుతో 500 గిగాబైట్లు పంపడానికి, ఒక్క క్షణం ఆగకపోయినా, నాలుగున్నర రోజులు పడుతుంది. డిస్కును బస్సులో మహబూబ్‌నగర్ పంపడం దానికంటే వేగం.

ప్రతులు వేరువేరు చోట్ల ఉండడం వల్ల కలిగే మేలుకు మానవపాడు మండలంలోనే చక్కని ఉదాహరణ ఉన్నది. సురవరం ప్రతాపరెడ్డి 1896లో ఈ మండలంలోని బోరవెల్లిలో జన్మించారు. తెలంగాణంలో కవులు లేరన్న మాటకు జవాబుగా 354 మంది కవుల వివరాలు, పద్యాలు సేకరించి 1934లో గోలకొండ కవుల సంచికను ప్రచురించారు. వారిలో అనేకుల రచనలు అంతకుముందు ఎవరి ఇంటి పెట్టెలో వారికే ఉండేవి. ఒక్క చెదపురుగు చాలు ఒక కవిని తుడిచివేయడానికి. అచ్చయి ఊరూరి గ్రంథాలయాలకు చేరిన తరువాత ఆ ప్రమాదం తగ్గినది. కంప్యూటరు యుగంలో కూడా ఇదే జరిగినది. రాజ్ రెడ్డి చొరవతో మొదలైన పదిలక్షల పుస్తకాల పథకంలో భాగంగా డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేలాది తెలుగు పుస్తకాలను స్కాను చేసి ఇంటర్నెట్‌లో ఉంచినది. 2017 ప్రాంతంలో ఆ సైటు అందుబాటులో లేకుండా పోయినది. అంతకుముందే ఔత్సాహికులు వాటి ప్రతులను ఇంటర్నెట్ ఆర్కైవుకు చేర్చి ఉండకపోతే, నేడు ఒక విద్యార్థి ఇంట్లో కూర్చొని ఆ పుస్తకాలను తెరవగలిగేవాడు కాదు.

అలంపురం నవబ్రహ్మ ఆలయాలు చాళుక్యుల కాలంలో, ఏడు ఎనిమిది శతాబ్దులలో కట్టినవి. అక్కడి రాతిమీది అక్షరాలు నేటికీ చదవవచ్చు. హార్డ్‌డిస్కు రాతితో పోటీపడలేదు. ఐతే శాసనపరిశోధకులు రాయిని కూడా పూర్తిగా నమ్మరు. తడి కాగితం అద్ది, సిరా పూసి, అచ్చుప్రతి తీసుకొని తమ కార్యాలయానికి తీసుకొని వెళతారు.

ఇక ఎంపిక. 4 టెరాబైట్ల డిస్కు ఒకటి కొనే బదులు, అదే సొమ్ముతో 1 టెరాబైటు డిస్కులు రెండు కొనడం పాఠశాలకు మేలు. రెండూ ఒకే సంస్థవి, ఒకే రోజు కొన్నవి కాకుండా ఉంటే మరీ మంచిది; ఒకే ముద్దనుంచి వచ్చిన ఇటుకలలో లోపం ఉంటే అన్నిటిలోనూ ఉంటుంది. వారంటీ ఎన్నేళ్లని అడగడంలో తప్పులేదు. కాని అది డిస్కుకు బదులు డిస్కు ఇస్తామన్న మాట. పోయిన ఫోటోలను తిరిగి ఇస్తామన్న మాట కాదు. రహస్యపదంతో తాళంవేసే సదుపాయం ఉన్నవాటిలో, ఆ పదం మరచిపోతే లోపలిది ఇక దొరకదు. ప్రధానోపాధ్యాయులు బదిలీ అయ్యేటప్పుడు బీరువా తాళంచెవితోపాటు ఆ పదాన్ని కూడా అప్పగించే ఏర్పాటు లేకపోతే ఆ సదుపాయం జోలికి పోకపోవడమే మంచిది.

నమ్మశక్యం కానంత చవకగా 16 టెరాబైట్ల ఎస్‌ఎస్‌డీ అని ఎవరైనా అమ్మితే కొనరాదు. అటువంటి కొన్నింటిని విప్పి చూస్తే లోపల ఫోనుల్లో వాడే చిన్న మెమొరీ కార్డు దొరికినది. అవి కంప్యూటరుకు అబద్ధపు సామర్థ్యం చెబుతాయి. అంతా సరిగా రాసినట్లు నటించి, నిజమైన చోటు నిండగానే పాతదానిమీదనే కొత్తది రాస్తాయి. కనుక ఎంత పేరున్న డిస్కునైనా కొన్న వారంలోనే పూర్తిగా నింపి, తిరిగి చదివి, రాసినదే వచ్చిందా అని సరిచూడాలి. ఈ పనికి ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లున్నవి. దుకాణదారు మార్చి ఇచ్చే గడువు దాటకముందే ఇది జరగాలి.

ఆ తరువాత ఏడాదికొకసారి, జూనులో బడి తెరిచిన వారంలో, రెండు డిస్కులనూ తగిలించి కొన్ని పాత ఫైళ్లు తెరిచి చూడాలి. అయిదారేళ్లు దాటిన డిస్కులోనిదాన్ని కొత్తదానికి మార్చుకోవాలి. పాఠశాల స్టాకు రిజిస్టరులో డిస్కు కొన్న తేదీకీ, ధరకూ గళ్లున్నవి. చివరిసారి చదివి చూసిన తేదీకి గడి లేదు. దానిని స్కేలుపెట్టి ఉపాధ్యాయుడే గీసుకోవాలి.